మొలాము కొయ్యసామానుల జీర్ణోద్ధారణము

తర్లుపాడు, మార్కాపురము ప్రాంతముల పలకరాతితోఁ జేసిన పలకలమీఁద నక్షరములు దిద్దినవారు తెలుఁగునాట నెందఱో కలరు. పలకమీఁది వ్రాఁతకొక సౌకర్యము గలదు. తప్పు వ్రాసినచోఁ దుడిచి మరల వ్రాయవచ్చును, పలక చెడదు. తాళపత్రమున కట్టి సౌకర్యము లేదు. గంటముతో గీసిన గీఁత యందే నిలుచును. ఆకు విఱిగెనేని యక్షరమును దానితోడనే పోవును. పాతకాలపు రాజగృహములలోని మొలాము కుర్చీలు, అద్దపుఁ జట్రములు, పల్లకీలు, దేవాలయములలోని బంగారుపూఁత వాహనములు తాళపత్రపు జాతివే కాని పలక జాతివి కావు. ఈ భేదము నెఱుఁగక, పలకను దుడిచినట్లు వానిని దుడిచి క్రొత్తరంగు పూయుటచేత ననేక వస్తువులు నశించినవి, నేఁటికిని నశించుచున్నవి. కావున నట్టి సామాను నిర్మాణ మెట్టిదో, అది యేల చెడునో, చెడినదాని నెట్లుద్ధరింపవలయునో సంగ్రహముగాఁ దెలుపుట యీ వ్యాసోద్దేశము. ఇది వడ్రంగులకుఁ జెందిన విషయమని పండితు లుపేక్షింపరాదు. గ్రంథపరిష్కరణము చేయువారికి సుపరిచితమైన చిక్కులే యిందును గలవు.

మొలామనఁగా నొక వస్తువుమీఁద బంగారముతోఁ బలుచని పూఁత గల్పించుట. హిందూస్థానీలోని 'ములమ్మా' యను శబ్దమే తెలుఁగున మొలామైనది. లోహముమీఁది మొలామునకును గొయ్యమీఁది మొలామునకును బద్ధతులు వేఱు. కొయ్యమీఁద నిలుచునది రేకుబంగారము. బంగారమును సన్నని తోలుపొరల నడుమ నుంచి సుత్తితోఁ బెక్కుమాఱులు గొట్టి పలుచన చేయుదురు. నేఁటి రేకులు సుమారు పదివేలు దొంతిగాఁ బేర్చినఁ గాని మిల్లీమీటరు మందము గాదు. ఊపిరి తగిలిన నది యెగిరిపోవును; వ్రేలు తగిలిన నంటుకొని చినిఁగిపోవును. కావున దానిని చేతితోఁ బట్టక, ఉడుత వెండ్రుకలతోఁ గట్టిన వెడల్పు కుంచెతో నెత్తి వేయుదురు.

తెలుఁగుదేశమున నిట్టి సామాను విస్తారముగాఁ గనుపట్టు చోటు హైదరాబాదు. అచ్చటి ఫలక్‌నుమా సౌధమును పాయెగా వంశీయుఁడైన వికారుల్‌ఉమ్రా 1884లోఁ గట్టింప నారంభించెను. పిదప నది యాఱవ నిజామగు మహబూబు ఆలీఖాను వశమయ్యెను. ఐరోపీయరీతి సామాను, 101 మంది కూర్చుండఁదగిన భోజనపు బల్ల దానికిఁ బ్రసిద్ధిఁ దెచ్చినవి. 1911లో మహబూబు ఆలీఖాను గతించిన తరువాత నా సౌధ మతిథిగృహముగా మాత్రమే యుండెను. 1951లో రాష్ట్రపతి రాజేంద్రప్రసాదుగా రందు విడిసిరి. అటుపిమ్మట నది చిరకాలము మూఁతపడియుండెను. ఎస్రా యువరాణి పర్యవేక్షణమున సుమారు పదియేండ్లు జీర్ణోద్ధారణము జరిగి, 2010లో నది హోటలుగాఁ దెఱవఁబడినది. పదునెనిమిదవ శతాబ్ది నడుమ నారంభమైన చౌమహల్లా ప్రాసాదమునకును నామె పూనికచేతనే యుద్ధారణము జరిగెను. అది 2005లో సందర్శకులకుఁ దెఱవఁబడి, 2010లో యునెస్కో వారి పురస్కారమును బొందినది. సాలారుజంగు మ్యూజియమునందును ఐరోపా రాజుల కాలపు రీతులు గల సామాను చూడఁదగియున్నది.

ఈ మూఁడుచోట్లను దలఁచుకొన్న నొక విషయము స్పష్టమగును. ఫలక్‌నుమాలోఁ గుర్చీ కూర్చుండుటకై యున్నది. చౌమహల్లాలోను మ్యూజియములోను జూచుటకై యున్నది. కూర్చుండవలసిన కుర్చీకి బలము ముఖ్యము. కీళ్లు బిగింపవలయును, అరిగినచోటఁ బూఁత వేయవలయును. చూడవలసిన కుర్చీకిఁ బ్రాచీనద్రవ్యము ముఖ్యము. అరుగుదలయు దాని చరిత్రలో భాగమే. కాఁబట్టి జీర్ణోద్ధారణము చేయువాఁడు మొట్టమొదట నడుగవలసిన ప్రశ్న 'దీని కేమి పూయుదును?' అని కాదు; 'ఇది యిఁకమీఁద దేనికై యుండును?' అని. ఈ ప్రశ్న నడుగక చేసిన పని యెంత నేర్పుతోఁ జేసినను దారి తప్పును.

ఇఁక నిర్మాణక్రమము. మొలాము కుర్చీని నిలువునఁ గోసి చూచినచో నడుగున చెక్కిన కొయ్య యుండును. ఫ్రాన్సుదేశపు సామానులోఁ దఱచుగా బీచికొయ్య, అక్రోటుకొయ్య వాడుదురు. దానిమీఁద జిగురునీరు పట్టించి, సుద్దపొడిని జిగురుతోఁ గలిపి పొరమీఁదఁ బొరగాఁ బూయుదురు. ఈ పొరలు పది పండ్రెండు వఱకు నుండవచ్చును. జంతుచర్మములను నీటఁ గాఁచి తీసిన బంక యే యా జిగురు. సుద్దపూఁతవలనఁ జెక్కడపుఁ బని మూసికొనిపోవును గనుక, ఆఱిన పిదప ఆకులయీనెలు, పూలరేకులు మొదలగువానిని సుద్దలోనే మరల సన్నని యుళులతోఁ దీర్తురు. మనము చూచి మెచ్చు నగిషీ చాలవఱకు కొయ్యలోనిది కాదు, సుద్దలోనిది. సుద్దపైఁ బసుపుమన్ను, దానిపై మెత్తని యెఱ్ఱమన్ను జిగురుతోఁ గలిపి పూయుదురు. రేకు చేరని లోఁతులలోఁ బసుపుమన్ను బంగారపు భ్రాంతిఁ గల్పించును. ఎఱ్ఱమన్ను రేకునకు మెత్తని పఱపై, పైకి వెచ్చని కాంతి నిచ్చును. ఆ మంటిని నీటఁ దడిపి, తడి యాఱకముందే రేకు వేయుదురు. తగినంత యాఱినపిదప అకీకు రాతితో రుద్దినచో మెఱుఁగు వచ్చును. కొన్ని భాగములను రుద్దక విడుతురు. మెఱుఁగును మెఱుఁగులేమియుఁ బ్రక్కప్రక్కన నుండుటయే యా పనిలోని సొగసు.

ఇది నీటిపద్ధతి. నూనెపద్ధతి వేఱొకటి గలదు. అందు అవిసెనూనెతోఁ జేసిన బంకను బూసి, అది జిడ్డుగా నున్నపు డు రేకు వేయుదురు. దానిని రుద్ది మెఱుఁగు పెట్టుట సాధ్యము గాదు. కాని తడికి నిలుచును. నీటిపద్ధతి మొలాము తడికి నిలువదు. ఈ యొక్క భేదమును దెలియకపోవుటచేతనే పెక్కు కుర్చీలు పాడైనవి. పండుగ వచ్చినదని సేవకుఁడు తడిగుడ్డతోఁ దుడుచును. గుడ్డ కొంచెము పచ్చనగును. అది మురికి యనుకొనును. అట్లు పదిమాఱులు తుడుచుసరికి బంగారము పోయి యెఱ్ఱమన్ను బయటపడును. ఇంకను దుడిచినచో సుద్ద తెల్లగాఁ దేలును.

ఈ విద్య యంతయు నైరోపావారిదే యని మనవా రనుకొనుట పొరపాటు. కల్యాణ చాళుక్య చక్రవర్తియగు మూఁడవ సోమేశ్వరుఁడు (1126–1138) రచించిన అభిలషితార్థచింతామణికి మానసోల్లాసమని నామాంతరము. అందలి చిత్రప్రకరణమున వజ్రలేపవిధానము చెప్పఁబడినది. ఎనుబోతు చర్మమును వెన్నవలె మెత్తపడువఱకు నీటఁ గాఁచి, పుల్లలుగాఁ జేసి యెండబెట్టి, కావలసినపుడు వేఁడినీటఁ గరఁగించి వాడవలయునని యా విధి. తెల్లమంటిని వజ్రలేపముతోఁ గలిపి భూమికఁ గల్పించుటయు, బంగారమును మెత్తగా నూఱి వజ్రలేపముతోఁ బూసి, ఆఱినపిదప వరాహదంష్ట్రతో మెల్లగా రుద్ది మెఱయించుటయు నందే కలవు. అది గోడమీఁది చిత్రములకుఁ జెప్పినది; అందు వాడునది రేకు గాక నూఱిన బంగారము. ఐనను చర్మపు జిగురు, తెల్లని భూమిక, బంగారము, రుద్దుటకు దంతము అను నాలుగంగములు రెండుచోట్లను సమానములే. సుమారు 1400 ప్రాంతమున నిటలీదేశపు చిత్రకారుఁడు చెన్నీనో చెన్నీని వ్రాసిన గ్రంథమునఁ గూడ బంగారమునకు మెఱుఁగు పెట్టుటకు రాళ్లతోఁ బాటు కుక్క మొదలగు జంతువుల దంతములు చెప్పఁబడినవి. గట్టిదియు, నునుపైనదియు, గీఁతపడనిదియు నగు పనిముట్టు కావలయును గనుక దూరదేశపుఁ బనివారిద్దఱు నొకే వస్తువును బట్టుకొనిరి. వరాహమిహిరుని బృహత్సంహితలో వజ్రలేపమునకుఁ బ్రత్యేకాధ్యాయమే కలదు. అందలి మొదటి లేపము చెట్ల కాయలు, పూలు, బంకలతోఁ జేయునది.

మన పనివారిలో నీ సంప్రదాయము నేఁటికిని జీవించియున్నది. కొండపల్లి బొమ్మలకుఁ దెల్లపొణికి కొయ్యను జెక్కి, రంపపుపొట్టును జింతగింజల బంకతోఁ గలిపిన మక్కుతో నవయవముల నతికి, పైని తెల్లపూఁత వేసి రంగులు దిద్దుదురు. నిర్మలు పనిలోను బొణికికొయ్య, చింతగింజల బంక, తెల్లపూఁత యనునవి కలవు. తంజావూరు చిత్రములలో సుద్దతో నుబ్బెత్తు పని చేసి దానిమీఁద బంగారు రేకు వేయుదురు. ఆ చిత్రములు వ్రాసినవారిలోఁ దెలుఁగు మాటలాడు రాజుల కుటుంబములు ప్రసిద్ధములు. కావున మొలాము సామాను నుద్ధరించు విద్య మనకు వట్టి యెరువు గాదు. ఐరోపా కుర్చీని తెలుఁగు పనివాఁడు ముట్టినపుడు వాఁడెఱుఁగని ద్రవ్య మందు మిగుల స్వల్పము.

ఇట్టి సామాను చెడుటకుఁ గారణములు ప్రధానముగా నాలుగు. మొదటిది గాలిలోని తేమ మాఱుట. కొయ్య తేమను బీల్చి యుబ్బును, ఎండలో ముడుచుకొనును. అదియు నీనె వెంబడిఁ గాక యడ్డముగా నెక్కువగాఁ గదలును. సుద్దపూఁత యట్లు కదలఁజాలదు. వేసవి పొడిగాలికిఁ దరువాత వానకాలపుఁ జెమ్మ వచ్చు మన దేశములో నేటేట నీ లాగుడు జరుగుచునే యుండును. తుదకు సుద్ద పగిలి, పొలుసులుగా లేచి, బంగారముతోఁ గూడ రాలిపోవును. తలుపులు మూసి విడిచిన రాజగృహములలో నీ కీడు కంటఁబడకయే పెరుఁగును. రెండవది చెదలు, కొయ్యను దొలుచు పురుగులు. పైపూఁత చక్కగానే యుండఁగా లోపలి కొయ్య పిండియగును. మూఁడవది తడిగుడ్డ, దానిఁ జెప్పియుంటిమి. నాలుగవది, అన్నిటికంటె నపాయకరమైనది, సదుద్దేశముతో వేసిన రంగు.

బంగారము రాలినచోటుల నింపుటకు 'బంగారురంగు' అను పేర నంగళ్లలో దొరకు రంగును బూయుట సర్వత్ర వాడుక. అందలి మెఱుపు బంగారపుది గాదు, ఇత్తడి పొడిది. ఇత్తడిలోని రాగి కొలఁదికాలమునకే గాలిచేత మాసి గోధుమవన్నె పొందును. బంగారము మాయదు. కావున నొక పాత కుర్చీ నల్లఁబడి, గోధుమవన్నెతోఁ గనఁబడినచో నది మాసిన బంగారమని భ్రమింపరాదు. దానిమీఁద మసియైనఁ గలదు, వార్నీషైనఁ గలదు, లేదా ఇత్తడిరంగైనఁ గలదు. పైపొర క్రింద మొదటి బంగారము చెక్కుచెదరక యుండుటయుఁ బెక్కుమాఱులు తటస్థించును. దీని నెఱుఁగని పనివాఁడు ఉప్పుకాగితముతో నంతయు గీఁకి, 'క్రొత్తదానివలెఁ జేసితి' నని సంతసించును. వాఁడు గీఁకినది రంగును మాత్రమే కాదు. దానిక్రింది రేకును, మంటిని, సుద్దలోఁ దీర్చిన నగిషీనిఁ గూడ. తరువాత నెంత మేలి బంగారము పూసినను నాకులయీనెలు మరల రావు.

ఇఁక నుద్ధారణక్రమము. ప్రతిభాగమునకును ఛాయాపటములు తీసి, విఱుగుళ్లను, పగుళ్లను, పాత మరమ్మతులను వ్రాసియుంచుట ప్రథమకార్యము. వెలుతురును ప్రక్కనుండి వాలుగాఁ బఱపినచో లేచిన పొలుసులు నీడలచేతఁ దెలియును. అతినీలలోహిత కిరణములలోఁ జూచినచో లక్కపూఁత నారింజవన్నెతో వెలుఁగును. ఆవగింజకంటెఁ జిన్నదగు తునుకను జెడినచోటి యంచునుండి తీసి సూక్ష్మదర్శినిలోఁ జూచినచోఁ గొయ్య మొదలు పైరంగు వఱకుఁ బొర లన్నియు వరుసగాఁ గనఁబడును. ఎన్నిమాఱులు మొలాము చేసిరో, ఏపొర తరువాత నేపొర వచ్చినదో యిందుచేత నిర్ణయింపవచ్చును. శాసనములో దిద్దిన యక్షరము క్రింది మొదటి యక్షరమును బోల్చుకొనుటకు నిదియే సాటి.

తరువాత లేచిన పొలుసులను నిలుపవలయును. మురికిఁ దీయుట కంటె నిది ముందు జరుగవలసిన పని. లేనిచోఁ గుంచె తగులఁగానే బంగారము రాలును. పలుచని జిగురును సన్నని కుంచెతోఁ బగులులోనికిఁ బంపి, మెత్తని కాగితము పైనుంచి, కొంచెము వెచ్చదనముతో నదుముదురు. ఇందులకుఁ జేపల గాలితిత్తులనుండి తీసిన జిగురు శ్రేష్ఠమని పనివారందురు. చర్మపు జిగురు గాని చేపజిగురు గాని వేఁడినీటఁ గరఁగును. ఆ గుణమే దానికి బలహీనతయు, నుపకారమును. తడికిఁ జెడుట దోషము. కాని రేపొక తెలివిగలవాఁడు వచ్చి మన పనిలోని తప్పును సవరింపఁదలఁచిన మన యతుకును విడఁదీయుటకు వీలగును. ఎన్నటికిని విడని నేఁటి కృత్రిమపు బంకలతోఁ గీళ్లు బిగించుట యీ కారణముచేతనే తగదు.

పిదప శుద్ధి. పొడి కుంచెతో దుమ్ము తీసిన తరువాత, కంటఁబడని మూలను జిన్నచోటఁ బరీక్షింపక యే ద్రావకమును వాడరాదు. చర్మపు జిగురు నీటఁ గరఁగును గాని యసిటోను వంటి ద్రావకములలోఁ గరఁగదు. ఇత్తడిరంగులోని వార్నీషు తఱచుగా వానిలోఁ గరఁగును. ఈ భేదము నాధారముగాఁ జేసికొని దూదిపుల్లతో నంగుళ మంగుళముగాఁ బైరంగును దీయుదురు. నూనెపద్ధతి మొలాముమీఁద నీ యుపాయమే యపాయమగును గనుక, ఏది నీటిపద్ధతిదో యేది నూనెపద్ధతిదో ముందుగా నిశ్చయింపక ముట్టరాదు. పురుగు పట్టిన సామానును గాలి చొరని సంచిలో నుంచి, ప్రాణవాయువును దీసివైచి కొన్నివారము లుంచుదురు. కిరసనాయిలు పోయుట కూడదు.

పైపొరలన్నియుఁ దీసివేయఁదగినవే యని తలంపరాదు. సాహిత్యమునఁ బాఠాంతరమునకును బ్రక్షిప్తమునకును భేద మున్నట్లే యిచ్చటను గలదు. రాజగృహమునందే, ఆ సామాను వాడుకలో నున్న దినములలోనే, మేలి బంగారముతో రెండవమాఱు మొలాము వేసియుండవచ్చును. అది మొదటిది కాకున్నను నా గృహచరిత్రకు సాక్ష్యము. దానిని నిలుపుటయో, దాని క్రిందిదానిని జూపుటయో నిర్ణయించుట కుంచె పట్టినవాని పని మాత్రమే కాదు. చరిత్రజ్ఞుని యాలోచనయుఁ గావలయును.

మిగిలినది శూన్యస్థలము లెట్లు పూరింపవలయు నను ప్రశ్న. కుర్చీ యెడమచేతి మీఁది యాకు విఱిగిపోయినది, కుడిచేతి మీఁది యాకు నిలిచియున్నది. అట్టిచో జతను జూచి రెండవదానిఁ జెక్కుట న్యాయమే. కాని రెండును బోయినచో, పాత ఛాయాపటము గాని మఱియొక సాక్ష్యము గాని లేనిచో, పనివాఁడు తన యూహతో నొక పువ్వును జెక్కుట తగదు. 1964లో వెనిసునగరమున నంగీకరింపఁబడిన ప్రాచీననిర్మాణ రక్షణ నియమావళియు నూహ మొదలగుచోట నుద్ధారణము నిలువవలయు ననియు, క్రొత్తగాఁ జేర్చిన భాగము మొత్తముతోఁ బొందికగా నుండియుఁ బాతదానినుండి వేఱని తెలియునట్లుండవలయు ననియు విధించినది. అందుచేత నేఁటి నిపుణులు పూరించినచోటఁ గ్రొత్త రేకు వేసినను దాని మెఱుపును గొంత తగ్గింతురు. కొందఱు రేకు వేయక నీటిరంగుతోనే సరిపెట్టుదురు. నాలుగడుగుల దూరమునఁ జూచిన కుర్చీ యంతయు నొకటిగాఁ గనఁబడును. దగ్గఱఁ జూచినఁ బాత దేదో క్రొత్త దేదో తెలియును.

ఈ నియమము తెలుఁగు పాఠకునకుఁ గ్రొత్తది గాదు. నన్నయభట్టు రచన యరణ్యపర్వము నాలుగవ యాశ్వాసమున నిలిచిపోయినది. తిక్కన విరాటపర్వము మొదలుకొని పదునేను పర్వములు రచించెను. నడుమ నున్న శూన్యమును బదునాలుగవ శతాబ్దిలో నెఱ్ఱన పూరించెను. అద్దంకి నేలిన ప్రోలయ వేమారెడ్డి యాస్థానకవి గనుక నాతఁ డీ సీమవాఁడే. ఆతఁడు తన పూరణమును దన ప్రభువునకుఁ గాక రాజరాజనరేంద్రునకే యంకితముగా నడపెను; నన్నయ శైలి నందుకొని తిక్కన శైలితోఁ గలిపెను. అంతటితో నూరకుండక, పర్వాంతమున నా శేషమును దాను పూరించితినని చెప్పెను. పొందికయుఁ గలదు, దాఁపఱికమును లేదు. నన్నయ పద్యములలో నొక్కదానిని దుడిచి తన పద్యము నుంచినట్లు మన మెఱుఁగము. మొలాము కుర్చీని ముట్టువాఁడు చేయవలసినదియు నింతే: ఉన్నదానిని జెఱుపకుండుట, లేనిదానిని సాక్ష్యము మేరకే పూరించుట, పూరించినది తనదని చెప్పుట.

దీనికొక యాక్షేపము రావచ్చును. దేవాలయ వాహనములు చూచుటకై యున్న వస్తువులు గావు; స్వామి యెక్కి యూరేఁగునవి. భగ్నాంగమైన వాహనము పూజకుఁ దగదు; నూతనీకరణము శాస్త్రసమ్మతమే కదా యని పండితు లడుగవచ్చును. ఈ యాక్షేపము సరియైనదే. సేవలో నున్న వాహనమునకు బలమును, పూర్ణతయుఁ గావలయును. దానిని మ్యూజియమువలెఁ జూడఁ జెల్లదు. ఐనను నూతనీకరణమునకు ముందు పటములు తీసి కొలతలు వ్రాసికొనుటకు శాస్త్రము అడ్డుపడదు. గీఁకి రంగు వేయుటకంటెఁ బాతబంగారమును నిలిపి చెడినచోటు మాత్రమే సవరించుటకును నడ్డుపడదు. పూర్తిగాఁ బనికిమాలిన వాహనమును పొయ్యిపాలు చేయక యొక గదిలో భద్రపఱచుటకు నాగమవేత్తల యనుమతి యడిగి చూడవచ్చును. ఇత్తడిరంగు డబ్బా నేఁడు కొన్న రేపటికిఁ బూర్తియగు పని; అందుకే యది యింత వ్యాపించినది.

కావున సహృదయులకు విన్నపము. తమ గ్రామముల దేవాలయములలోను, పాత సంస్థానముల యిండ్లలోను మొలాము వాహనములు, పల్లకీలు, కుర్చీలు, పటపుఁ జట్రములు గలవేమో చూడవలయును. వానిని దడిగుడ్డతోఁ దుడువనీయరాదు. ఎండ తిన్నగాఁ బడు కిటికీ ప్రక్కను గాని, చెమ్మ దిగు గోడ ప్రక్కను గాని యుంపరాదు. ఎవ్వరైన రంగు వేయుదమన్నచో మొదట నొక మూలను బైపొర క్రింద నేమున్నదో తెలిసినవారిచేఁ జూపింపవలయును. వస్తువు పేరు, కొలతలు, ఉన్నచోటు, పెద్దలు చెప్పుకొను వృత్తాంతము, తెలిసిన మరమ్మతుల వివరములు ఒక కాగితమున వ్రాసి పటములతోఁ జేర్చి యుంచినచో, ఆ వస్తువునకు మాతృక దొరకినట్లే. మరమ్మతు నేఁడు గాకున్న మఱునాఁడు చేయవచ్చును. గీఁకినదానిని మరల నెవ్వరును దేలేరు.